మా చీటీలు దిద్దిన పెద్దాయన

పోయిన మంగళవారం ఉదయం నేను వార్డులో రౌండ్లకు బయలుదేరుతుండగా ఫోన్ మోగింది. మా ఆసుపత్రి ఫార్మసీని ఏళ్ళ తరబడి నడిపిన పెద్దాయన భార్య. "ఆయన పొయినారు డాక్టరమ్మా" అన్నారు. "పొద్దుటి మాత్రలన్నీ ఏసుకున్నారు, ఒకటీ ఇడ్సలేదు" అని కూడా చెప్పారు. మాత్ర మానేసి పోయాడన్న చెడ్డపేరు ఆయనకు రాకూడదని కాబోలు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగానే నాకు నవ్వొచ్చింది. ఆయన్ని తలచుకుంటే ఎప్పుడూ ఇదే ఇబ్బంది.

ఫార్మసిస్టు అంటే కిటికీ వెనక నిలబడి మందులు అందించే మనిషి అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని గుంటూరు నుంచి ఈ కన్నడ నగరానికి వచ్చాను. మారతహళ్ళిలో అద్దెకు దిగి, ఈ ఆసుపత్రిలో డాక్టరుగా చేరిన మూడో వారంలో, కీళ్ళవాతంతో బాధపడుతున్న ఒకావిడకు మాత్రలు రాశాను. గంట తర్వాత ఆయన మూడంతస్తులు మెట్లెక్కి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. ఆయాసం తీర్చుకుని అడిగారు.

"డాక్టరమ్మా, వారానికి ఎన్ని దినాలు?"

"ఏడు."

"ఈ మాత్రకి మాత్రం ఒకటే దినం ఉండాది."

చీటీ చూసుకున్నాను. వారానికి ఒక్కసారి వేసుకోవలసిన మాత్రను రోజూ అని రాశాను. అలా కొన్నాళ్ళు వేసుకుంటే రక్తం తయారవడమే ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. గబగబా పెన్ను తీశాను.

"కొట్టేసి పక్కన సంతకం పెట్టండి" అన్నారాయన. "ఏ వారమో ఆ పేరు గూడ రాయండి. సోమవారం వద్దు, ఆయమ్మకి ఉపవాసం. శుక్రవారం రాయండి."

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నేనే మీకు చెబుతున్నాను.

ఆయన ఈ ఊళ్ళోనే కాటన్‌పేటలో పుట్టి పెరిగిన తెలుగువారు. ఎంత పెద్ద డాక్టరుకు ఫోన్ చేసినా ఒకటే మాటతో మొదలుపెట్టేవారు: "సార్, నాకు అర్థం గాక అడుగుతాండా." ఆ మాట వినగానే మాకు గుండె జారేది. ఆయనకు అంతా అర్థమైపోయిందని దాని అర్థం. ఒక సర్జన్ చిరాకుపడి, "నాకు చదువు చెప్తున్నారా?" అని అడిగితే, "లేదు సార్, మీరు చదివిందే గుర్తు చేస్తాండా" అన్నారట. నేనోసారి ఎందుకింత పట్టుదల అని అడిగాను. "అడిగితే ఒక నిమిషం పోతాది. అడక్కపోతే మనిషి పోతాడు" అన్నారు.

అందరి చేతిరాతనూ తిట్టే ఆయన చేతిరాత మాత్రం ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఒకసారి సెలవు కోసం ఉత్తరం రాస్తే, అది చదివించుకోవడానికి ఆఫీసువాళ్ళు ఆయన్నే పిలిపించారు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "జ్వరం అని ఉన్నట్టుండాది" అన్నారట.

ఒక బట్టల వ్యాపారి తల తిరుగుతోందని నా దగ్గరికి వచ్చాడు. తలకు స్కానింగ్ రాశాను. దానికి ముందు ఒకసారి పెద్దాయన్ని కలవమన్నాను, అప్పటికి నాకూ బుద్ధి వచ్చింది కనుక. ఆయన క్యాంటీన్ నుంచి స్టీలు పళ్ళెం తెప్పించి, వ్యాపారి సంచిలోని మాత్రలన్నీ అందులో పోయించారు.

"ఎర్రది గుండెకి, తెల్లది షుగరుకి" అని వ్యాపారి చూపించాడు. "పసుపుది దేనికో తెల్దప్పా. రంగు బాగుండాదని ఏసుకుంటాండా."

ముగ్గురు డాక్టర్లు, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే బీపీ మందును మూడు కంపెనీల పేర్లతో రాశారు. వ్యాపారి ఆ మూడూ రోజూ వేసుకుంటున్నాడు.

"నీకు రోగం లేదప్పా" అన్నారు పెద్దాయన. "ముగ్గురు డాక్టర్ల మాటా కాదనలేక తల తిరుగుతాండాది."

నాకు ఫోన్ చేసి చెప్పి రెండు మాన్పించారు. వారంలో తల తిరగడం తగ్గింది. స్కానింగ్ ఖర్చు తప్పింది. మిగిలిపోయిన మాత్రలు వాపసు తీసుకుంటారా అని వ్యాపారి అడిగితే, "కత్తిరించిన గుడ్డ నువ్వు వాపసు తీసుకుంటావా?" అన్నారు పెద్దాయన. ఇద్దరూ నవ్వుకున్నారు.

రిటైరైన కొన్నాళ్ళకు గుండె నీరసించి, కాళ్ళు వాచి, ఆయనే నా వార్డులో చేరారు. నర్సు తెచ్చిన ప్రతి మాత్రనూ వెలుతురుకు పెట్టి చూసేవారు. మూడు రోజులు ఏ తప్పూ దొరకలేదు. "అన్నీ సరిగ్గానే ఉండాయి" అని, సాంబారులో ఉప్పు లేదన్నంత దిగులుగా చెప్పారు. నాలుగో రోజు నాకు కబురు పంపారు.

"డాక్టరమ్మా, నాకు అర్థం గాక అడుగుతాండా."

నేను కుర్చీలో కూలబడ్డాను.

"నాకు కడుపులు ఎన్ని ఉండాయి?"

ఎమర్జెన్సీలో ఒకరు ఎసిడిటీ మాత్ర రాశారు. నేను చూసుకోకుండా అదే మందును ఇంకో పేరుతో మళ్ళీ రాశాను. ఆ రోజు ఆయన ముఖం వెలిగిపోయింది. వద్దు వద్దంటున్న మనిషి నాలుగు ఇడ్లీలు తిన్నారు. ఆయన్ని సంతోషపెట్టడానికే నేను కావాలని తప్పు రాశానని వార్డులో అంతా అనుకున్నారు. ఎంత మంచి మనసు మేడమ్ అని ఒక నర్సు నా చేయి పట్టుకుంది. అది నిఖార్సైన పొరపాటు. ఆ పొగడ్తను అప్పుడు కాదనలేకపోయాను. ఇప్పుడు కాదంటున్నాను.

గుండె ఇక కోలుకోదని ఆయనకు నాకంటే ముందే తెలుసు. ఇంటికి పంపించమని ఆయనే అడిగారు. డిశ్చార్జి కాగితం చేతికిచ్చి, వీల్‌చైర్‌లో కూర్చోబెట్టాం. వరండా సగంలో చెయ్యెత్తి బండి ఆపించి, కాగితం విప్పారు.

"ఇంటికి పొయినాక చదవచ్చు, రాండి" అన్నారు భార్య.

"ఇంట్లో అడిగేదానికి డాక్టరమ్మ ఉండదు కదా."

స్ట్రెచర్లు, టీ బండి, పేషెంట్ల బంధువులు ఆయన్ని తప్పించుకుని అటూ ఇటూ పోతున్నారు. భార్య ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఆయన కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, ఒక్కో వరుస కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, తొందర లేకుండా చదువుకుంటున్నారు. ఇంకా కాగితం సగం మిగిలే ఉంది.