అరటిపండు తినకూడని కోతి

మొన్న మధ్యాహ్నం సిడ్నీ క్వేకర్స్ హిల్‌లో మా పక్కింటివాళ్లు మల్బరీ చెట్టు కొట్టిస్తుంటే, ఆ పచ్చి ఆకుల వాసన కిటికీలోంచి వచ్చింది. ఆన్‌లైన్ మీటింగ్‌లో ఎవరేమన్నారో ఆ తర్వాత నాకు తెలీదు.

నా చిన్నప్పుడు మా నాన్న చొక్కాకి ఆ వాసనే ఉండేది. గుంటూరులో పశువుల డాక్టరు. సిడ్నీకొచ్చాక, ఇక్కడి పరీక్ష ప్యాసయ్యేదాకా, ఒక జూలో ఆకుకోతులకు రోజూ కొమ్మలు కోసుకొచ్చే ఉద్యోగం. హోదా కాస్త తగ్గిందనే చెప్పాలి. డిసెంబరు ఎండల్లో, బడి సెలవులకి, వెస్ట్‌మీడ్ అద్దె ఫ్లాట్ నుంచి నన్నూ యూట్‌లో, అంటే వెనక తొట్టి ఉన్న చిన్న బండిలో, ఎక్కించుకునేవాడు. ఒళ్లో పులిహోర డబ్బా, వెనక మల్బరీ, మందార కొమ్మల మోపు, అద్దం దించితే ముఖానికి యూకలిప్టస్ వేడిగాలి. ఆగ్నేయాసియా అడవుల నుంచి వచ్చిన ఆ వెండిబూడిద కోతులు రిటైరైన హెడ్‌మాస్టర్లలా కూర్చుని ఆకులు నమిలేవి. ఒకదాని పొట్టను కరుచుకుని నారింజరంగు పిల్ల. పుట్టినప్పుడు వాటి రంగే అంత.

నాన్న మూడోసారి పరీక్ష రాయబోయే వారం, మంగళవారం పొద్దున, ఆంజనేయస్వామి పటం ముందున్న నాలుగు అరటిపళ్లు అమ్మ నా సంచిలో వేసింది.

"నాన్న ప్యాసవ్వాలని దండం పెట్టుకుని అక్కడి కోతికి పెట్టమ్మా. ఆయనకి చెప్పకు, నవ్వుతారు."

నాన్న కొమ్మలు దించుతుండగా, వల సందులోంచి నాలుగూ పెట్టాను. తల్లికోతి ఎంతో మర్యాదగా అందుకుంది.

మర్నాటికి దాని పొట్ట డప్పులా ఉబ్బింది. ఆకుల్ని పులియబెట్టుకుని అరిగించుకునే పొట్ట అది. తీపి పడితే లోపల పొంగి ఊపిరాడనివ్వదు.

"ఏం తిందో తెలిస్తే ఏదో ఒకటి చెయ్యొచ్చు తల్లీ. తెలీట్లేదు," అన్నాడు నాన్న, స్టీరింగ్ వంక చూస్తూ.

చెప్పకూడదని అమ్మ చెప్పింది. చెప్పిన మాట వినే పిల్లని నేను. ఒక రోజంతా విన్నాను. గురువారం మధ్యాహ్నం ఇక నావల్ల కాలేదు. "డాడ్, ఐ గేవ్ హర్ బనానాస్."

నాన్న యూట్ తలుపు కూడా వెయ్యకుండా పరుగెత్తాడు. వెనకే వెళ్లిన నాకు, జూ డాక్టరుతో ఆయనంటున్నది వినిపించింది. "బనానాస్. ఇట్ వాజ్ మీ."

సాయంత్రానికి అది చచ్చిపోయింది. పిల్ల దాన్ని వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది నాన్నే.

ఉద్యోగం ఆ రోజే పోయింది. ఎందుకు పోయిందో అమ్మకి నాన్నా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. శనివారం పరీక్షకి నాన్న వెళ్లలేదు. ఆ తర్వాత ఎప్పుడూ వెళ్లలేదు. రిటైరయ్యేదాకా గోడౌన్‌లో పెట్టెలు సర్దాడు.

ఆ జూలో ఇప్పుడు ఆకుకోతులు లేవు. ఆ చోట కాఫీ షాపుంది. కాఫీ బాగానే ఉంటుంది. పోయిన ఆదివారం రౌస్ హిల్‌లో అమ్మావాళ్లింట్లో భోజనాల దగ్గర, అమ్మ మా అమ్మాయితో అంటోంది: "మీ తాతకి పరీక్షంటే భయమే. లేకపోతే ఇక్కడా డాక్టరయ్యేవారు."

నేను నోరు తెరిచాను.

"నిజమే, భయమేసింది," అన్నాడు నాన్న, నా వంక చూడకుండా.