గుండ్రాలు చెరిపిన సారు

మా సైన్సు సారు పోయారు. ఆత్మకూరు బస్సు ఉదయగిరిలో ఆగీ ఆగకముందే కండక్టరు దిగి ఈ కబురు చెప్పాడు. నాకు ముందు ఏడుపు రాలేదు. వచ్చి చెబుతానన్న సంగతి ఇంకెవరు చెబుతారు అనుకున్నాను. మనిషి పోయాడంటే ముందుగా అదా తోచేది? నాకే అర్థం కాలేదు.

ఆత్మకూరు హైస్కూల్లో మేం చదివే రోజుల్లో, పరమాణువును విడగొట్టలేమని సైన్సు పుస్తకంలో ఉండేది. సారు అది చదివించి, పుస్తకం మూయించి, నల్లబల్ల మీద చుక్క పెట్టి చుట్టూ గుండ్రాలు గీసేవారు. చుక్క కేంద్రకం, గుండ్రాల మీద తిరిగేవి ఎలక్ట్రాన్లు. "గానుగెద్దును చూళ్ళేదా? దాని దారి తప్పదు," అనేవారు. పరీక్షలో ఏది రాయాలని అడిగితే, "పుస్తకంలో ఉండేది రాయండి. నమ్మబాకండి," అనేవారు. తికమకపడి రెండూ రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్ళం.

నాకూ నా బెంచీ జతగాడికీ కలిపి ఒకటే పుస్తకం. పరమాణువులు ఎలా కలిసి ఉంటాయో చెప్పాల్సిన రోజున సారు మమ్మల్ని పుస్తకం చెరో అంచు పట్టించి నిలబెట్టారు.

"పుస్తకం ఇద్దరికీ కావాల. అందుకని ఇద్దరూ ఒక్కచోటే ఉండాల. రెండు పరమాణువుల నడుమ ఎలక్ట్రాన్లు ఇట్టనే ఉంటాయి. బంధమంటే ఇదేరా."

సైన్సులో నాకు మొట్టమొదట అర్థమైంది అదే. ఆ ధైర్యంతోనే నేనూ సైన్సు అయ్యవారినై, ఉదయగిరిలో అవే గుండ్రాలు గీస్తూ వచ్చాను.

పోయిన వేసవిలో సారు మద్రాసులో ఏదో ట్రైనింగుకు వెళ్ళి వచ్చారు. వచ్చింది మొదలు పాత విద్యార్థుల ఊళ్ళు పట్టుకుని తిరిగారు. నా జతగాడు వరికుంటపాడులో దుక్కి దున్నుతుంటే గట్టు మీద నిలబడి పిలిచారట.

"ఒరే, ఎలక్ట్రాను గుండ్రంగా తిరగదంట. నేను చెప్పింది తప్పు."

వాడు ఎద్దుల్ని ఆపి, "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు సార్?" అన్నాడట.

"ఏం చెయ్యబాకు. తెలిసుండాల, అంతే."

వాడికేమీ బోధపడక, మజ్జిగ ఇచ్చి పంపించాడు.

అక్కణ్ణించి నా దగ్గరికి వచ్చి, కూర్చోకుండానే, "ఆ గుండ్రాలు చెరిపెయ్‌రా," అన్నారు.

"మరి దాని దారేది సార్?"

"దారే లేదంట. ఎక్కడుండాదో ఖాయంగా చెప్పలేమంట. ఫలానా చోట ఉండొచ్చు, నడుమ ఎక్కువగా, దూరం పోయేకొద్దీ తక్కువగా, అని మాత్రం చెప్పగలమంట."

"అట్టాంటిది రెండు పరమాణువుల్ని పట్టి ఎట్టా ఉంచతాది?"

"అదే నాకూ అర్థం కాలేదు. అర్థమైనాక వచ్చి చెప్తా. అందాకా పిల్లోళ్ళకు అబద్ధం చెప్పబాకు."

ఆయన మీద కోపం వచ్చింది. నాకు తెలిసిన ఒక్క ముక్కా పీక్కుని పోయారు. ఇవాళ వస్తారు, రేపు వస్తారు అని ఆ పాఠం వెనక్కి నెడుతూ వచ్చాను. పాఠాలు ఎందుకు పూర్తి కాలేదని హెడ్మాస్టరు సంజాయిషీ అడిగారు.

కబురు విన్న రోజే ఆత్మకూరు వెళ్ళి సారును చివరిసారి చూశాను. జతగాడూ వచ్చాడు. "ఆ ఎలక్ట్రాను సంగతి ఏదన్నా తేలిందా?" అని నన్ను అడిగాడు. లేదన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది, ఇద్దరికీ.

మర్నాడు క్లాసులో నల్లబల్ల మీద చుక్క పెట్టాను. అలవాటుగా గుండ్రం గీయబోయి ఆగాను.

"ఎలక్ట్రాను ఏడుండాది సార్?" అంది ముందు బెంచీ పిల్ల.

"తెలియదమ్మా," అన్నాను.

అయ్యవారి నోట ఆ మాట విని పిల్లలు బిత్తరపోయారు. ఆ పిల్ల మాత్రం లేచి వచ్చి, నా చేతిలోని సుద్దముక్క తీసుకుని, కేంద్రకం పక్కన ఒక చుక్క పెట్టింది.

"ఈడుండొచ్చా?"

సారు మాట గుర్తొచ్చి, ఉండొచ్చన్నాను. ఇంకొకడు లేచాడు. తర్వాత అందరూ లేచారు. అది అంత దూరం పోదులే అని ఒకరినొకరు తోసుకుంటూ దగ్గరదగ్గరగా పెట్టారు, చోటు దొరకనివాళ్ళు దూరంగా పెట్టారు. గంట కొట్టి పిల్లలు వెళ్ళిపోయాక చూస్తే, నల్లబల్ల నడుమ దట్టంగా, అంచులకు పోనుపోను పలచగా, గీత అన్నదే లేకుండా తెల్లటి చుక్కలు.