మందులో మందు

మా ఇంటికి భోజనానికి వచ్చిన నలుగురు పెద్దమనుషులు తెల్లని పళ్ళతో వచ్చి, నల్లని పళ్ళతో వెళ్ళారు. ఈ ఘనకార్యం చేసింది నేనే. విశాఖపట్నంలో తుఫాన్లు చూసినవాళ్ళున్నారు, ఓడలు ఒరిగిపోవడం చూసినవాళ్ళున్నారు. ఒక్క స్టీలు కూజాతో ఆఫీసర్ల క్లబ్బు కమిటీ మొత్తాన్ని ముంచిన మనిషిని మాత్రం చూసి ఉండరు. స్థిమితంగా కూర్చోండి, చెబుతాను. మంచినీళ్ళు తాగుతూ మాత్రం చదవకండి, పొలమారితే నా పూచీ లేదు.

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. కానీ నా నాలుక మీద నాకు మహా గర్వం. ఏ కూరైనా ఒకసారి నోట్లో వేసుకుంటే అందులో ఏమేం పడ్డాయో, ఏది పడాల్సింది పడలేదో, పోపు కంగారులో మాడిందో కబుర్లలో మాడిందో కూడా చెప్పేసేదాన్ని. పోర్టు క్వార్టర్సులో ఎవరింట్లో శుభకార్యమైనా పులుసు రుచి చూడటానికి నన్నే పిలిచేవారు. నేను కళ్ళు మూసుకుని “ఇంకొంచెం బెల్లం” అన్నానంటే అది డాక్టరు చెప్పిన మాటతో సమానం.

ఉక్కు ఫ్యాక్టరీకి ఇంకా పునాదులు తవ్వుతున్న రోజులవి. మా క్వార్టర్సుకి దగ్గర్లో ఉన్న ఆఫీసర్ల క్లబ్బులో వంటవాడు పని మానేసి సొంతూరు వెళ్ళిపోయాడు. ఆ వంటశాల నాకు కావాలి. పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాకా, ఎప్పుడూ ఎవరో ఒకరి వంటింట్లో, ఎవరో ఒకరు చెప్పినంత ఉప్పు వేసి వండిన చేతులు ఇవి. నా ఉప్పు నేను వేసే వంటిల్లు ఒకటి ఉండాలి, దాని తాళంచెవి నా కొంగున గలగలమనాలి. నా కోరికంతా అదే.

మా ఆయన పోర్టులో లాంచీ డ్రైవరు. క్లబ్బు సెక్రటరీగారు ఓడల దగ్గరికి వెళ్ళాలంటే ఆ లాంచీయే ఎక్కాలి. సముద్రం, సెక్రటరీగారు ఇద్దరూ ప్రశాంతంగా ఉన్న పూట చూసి మా ఆయన నా సంగతి ఎత్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా అయినా విప్పకుండా మొదలుపెట్టాడు.

“ఒలే నర్సమ్మా, ఆదివారం సెక్రటరీగారు, ఆరి భార్య, కమిటీవోలు ఇద్దరు మనింటికి బోజనానికొత్తన్నారు. నీ సెయ్యి నచ్చితే తాళం ఇచ్చేత్తారంట.”

“రానీ మావా. సేపల పులుసు పెడతాను. ఇంటికెళ్ళినాక కూడా సేతులు వాసన సూసుకుంటారు.”

“పులుసొక్కటే కాదే. బోజనం ముందు కాక్‌టెయిలు సెయ్యాలంట. క్లబ్బులో అదే ముక్యమంట.”

“కాక్‌టెయిలంటే ఏటి?”

“కోడితోక.”

“కోడితోకతో ఏటి సేత్తారు?”

“పేరే అలగుంది గాని అందులో కోడుండదంట. జిన్ను, టానిక్కు, కమలాపండు రసం. జిన్ను సీసా ఆరే ఇచ్చినారు. టానిక్కు, పళ్ళు మనల్నే బజార్లో తెచ్చుకోమన్నారు.”

“టానిక్కా? మందులో మందు కలుపుతారేటి మావా?”

“దొరలు గదే. తాగితే పోయిన బలం అక్కడికక్కడే వచ్చేయాలి గదా.”

ఆ మాట నాకు ఎంత సబబుగా తోచిందో చెప్పలేను. ఆ టానిక్కేమిటో మళ్ళీ ఒకసారి అడిగి రమ్మంటే సరిపోయేది. కానీ ఊరందరికీ రుచులు చెప్పే నర్సమ్మ, వెళ్ళి ఒకరిని అడగడమా? మర్నాడే పూర్ణా మార్కెట్ పక్కన మందుల షాపు మెట్లెక్కాను.

“బలానికి మంచి టానిక్కు ఇయ్యండి బాబూ. పెద్ద సీసా.”

షాపాయన నన్ను ఎగాదిగా చూశాడు. “ఎవరికమ్మా? నీరసంగా ఉంటుందా?”

“నాకు కాదండి. మా సెక్రటరీగారికి. బోజనం ముందు తాగుతారు.”

ఆయన తలూపి లోపలి అర వైపు వెళ్ళాడు. సీసా కాగితంలో చుట్టి ఇచ్చాడు.

కమలాపళ్ళ కోసం మార్కెట్ అంతా తిరిగాను. ఎండాకాలం, ఎక్కడా లేవు. బుట్టల నిండా ఉన్నవి జీడిమామిడి పళ్ళు. రంగులో కమలాపండుకి చెల్లెలు. తీపి ఉంది, పులుపు ఉంది, కాస్త వగరు ఎక్కువ. ఆ వగరు ఒక లెక్కా అనుకుని గంపెడు కొనేశాను. ఆ వగరే నా కొంప ముంచబోతోందని ఆ గంపకి కూడా తెలియదు.

శనివారం మధ్యాహ్నం కలపడం మొదలుపెట్టాను. పక్కింటి పైడమ్మ వదిన సాయానికి వచ్చింది. పిలిచాననుకునేరు. జిన్ను సీసా మూత తీసిన చప్పుడు గోడ దాటి వినబడింది. మా వదిన అడ్డపొగ తాగే మనిషి. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని ఇల్లు ఊడ్చేది, నీళ్ళు మోసేది, మధ్యలో కబుర్లు కూడా చెప్పేది. ఆవిడ పళ్ళు రైలింజను పొగగొట్టం లోపల్లా ఉండేవి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, పనికొస్తుంది.

మొదట జిన్ను, టానిక్కు చెంచాలో కలిపి నోట్లో వేసుకున్నాను. నా నాలుక పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నన్ను వదిలి పారిపోదామని చూసింది.

“ఎలగుంది?” అంది వదిన.

“లంగరు గొలుసు నాకినట్టుంది వొదినా.”

“ఏదీ, నాకియ్యి.” చప్పరించి ఆలోచించింది. “లంగరు బాగానే ఉంది గాని, ఉప్పు తక్కువైంది.”

ఉప్పు వేశాం. అల్లం రసం వేశాం. జీలకర్ర వేయించి పొడి కొట్టి వేశాం. బెల్లం పాకం పోస్తే కాస్త లొంగింది. పచ్చిమిరపకాయ చీల్చి ముంచి తీస్తే లేచి కూర్చుంది. చివర్న జీడిమామిడి రసం పిండాను. ప్రతిసారీ చెంచాడు కలపడం, చెరి సగం మింగడం. పారబొయ్యడం మా వంశంలో లేదు. కాసేపటికి చెంచా చిన్నదనిపించి గరిటె తీశాం.

“వొదినా, ఇదిగో, ఇప్పుడు రుసిలో పడింది.”

“పడింది నర్సమ్మా. నానూ పడేటట్టున్నాను. ఆ గోడ ఇటు జరుపు.”

సాయంత్రం మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయి నా మొహం వంక చూశాడు. “ఏటే, పొద్దున పళ్ళపొడి పుక్కిలించనేదేటి? పళ్ళు నల్లగున్నాయి.”

అప్పట్లో మేం బొగ్గుపొడితో తోముకునేవాళ్ళం. పొద్దున్న తోమిన పొడి సాయంత్రం దాకా ఉంటుందా అని తెలివైనదైతే ఆలోచిస్తుంది. నేను మాత్రం మా పుట్టింటివాళ్ళ శుభ్రతని ఎత్తిపొడిచాడని అలిగాను. పోనీ వదిన పళ్ళు చూసి తెలుసుకుందామా అంటే, వాటి మీద కొత్తగా నల్లబడటానికి చోటేది?

ఆదివారం పొద్దున్నే స్టీలు కూజా నిండా కలిపి, తడిగుడ్డ చుట్టి నీడలో పెట్టాను. చేపల పులుసు దించాను. అతిథులు వచ్చారు. సెక్రటరీగారికి పెద్ద మీసాలు, పెద్ద నవ్వు. ఆయన భార్య సుభద్రగారు పెళ్ళికి ముందు కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పారట. కమిటీ మెంబర్లిద్దరూ ఇస్త్రీ చొక్కాలు నలగకుండా కుర్చీ అంచున కూర్చున్నారు. సాయంత్రం క్లబ్బు వార్షికోత్సవం, ఫోటోగ్రాఫరు వస్తాడు, అందుకని ఆ చొక్కాలు.

లోపలికెళ్ళి కూజా మూత తీసి కొయ్యబారిపోయాను. నిన్న తేనె రంగులో ఉన్నది ఇవాళ కాటుకలా ఉంది. నిన్న కలిపింది కలిపినట్టే మింగేశాం కదా, రంగు మారడానికి దానికి తీరిక ఎక్కడిచ్చాం?

మా ఆయన తొంగి చూశాడు. “ఇదేటే, పడవకి పూసే తారులాగుంది?”

గరిటెతో తీసి రుచి చూశాను. రుచి నిన్నటిదే, ఇంకా చల్లగా, ఇంకా బాగుంది. నా నాలుక సరే అన్నాక నా కళ్ళ మాట నేనెందుకు వింటాను?

“రంగుతో నీకేటి మావా? స్టీలు గ్లాసుల్లో పోత్తాను. లోపలున్నది ఎవులికి కనబడద్ది?”

పోశాను. తాగారు. సెక్రటరీగారు కళ్ళు పెద్దవి చేశారు. “ఇదేం రుచి నర్సమ్మా! మా క్లబ్బులో ఇన్నేళ్ళలో ఇలాంటిది తగల్లేదు. ఇంకొంచెం పొయ్యి.” మెంబర్లు కూడా గ్లాసులు చాపారు. నేను తాళంచెవికి కొంగున ఏ మూల బాగుంటుందా అని ఎంచుకుంటున్నాను.

అప్పుడు సుభద్రగారు మెల్లగా అన్నారు. “ఏమండీ, ఒకసారి నవ్వండి.”

“ఎందుకు?”

“నవ్వండి, చెబుతాను.”

ఆయన నవ్వారు. మీసాల కింద చీకటిగది తలుపు తెరుచుకున్నట్టయింది. ఆవిడ పడీపడీ నవ్వారు. ఆయన ఆవిడ నోటికేసి చూసి, “నా సంగతి సరే, నీ నోట్లో అమావాస్యేమిటి?” అన్నారు. మెంబర్లిద్దరూ ఒకరి పళ్ళు ఒకరు చూసుకున్నారు. ఎవరి పళ్ళు వాళ్ళకి కనబడవు కాబట్టి మొదట ఇద్దరూ ధైర్యంగానే ఉన్నారు. తర్వాత ఒకాయన లేచి, “ఏం పోశావమ్మా మాకు?” అన్నాడు. మా ఆయన అప్పటికే గుమ్మం బయట ఉన్నాడు, లాంచీ తాడు విప్పడానికి సిద్ధంగా ఉన్నవాడిలా.

తాళంచెవి రెక్కలొచ్చి ఎగిరిపోవడం నా కళ్ళతో నేను చూశాను.

“భయపడకు నర్సమ్మా. ఏమేం కలిపావో తీసుకురా,” అన్నారు సుభద్రగారు.

టానిక్కు సీసా, జీడిమామిడి పిప్పి తెచ్చి ముందు పెట్టాను. ఆవిడ సీసా మీద చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. “టానిక్ అంటే టానిక్ వాటరమ్మా. సోడాలాంటి చేదు నీళ్ళు. ఇది గర్భిణీ స్త్రీలకిచ్చే ఐరన్ టానిక్.”

సెక్రటరీగారు గ్లాసు కింద పెట్టేశారు. “ఎవరికిచ్చేదీ?”

“బాలింతలకి కూడా మంచిదని రాశారండి. మీరేం దిగులు పడక్కర్లేదు.”

“ఉక్కు ఫ్యాక్టరీ ఎప్పటికి లేస్తుందో గాని, ఇనుమంతా ముందు నా కడుపులో దించావే నర్సమ్మా,” అన్నారాయన. అప్పుడందరూ నవ్వారు. ఆ నల్లని నవ్వులు చూసి నాకు ఏడుపు కూడా సరిగ్గా రాలేదు.

సుభద్రగారు చీపురుపుల్ల అడిగి తీసుకుని, నా కూజాలో ముంచి, పాత పేపరు అంచు మీద ఏదో గీశారు. నల్లగా, నిగనిగలాడుతూ పడింది. “వగరూ ఇనుమూ కలిస్తే సిరా అవుతుంది. పూర్వం కరక్కాయతో ఇలాగే చేసుకునేవారు. నువ్వు మాకు సిరా పోశావు.”

“ఏటి రాసినారమ్మా?”

“నీ పేరే. నర్సమ్మ.”

నా పేరు నేను మొదటిసారి చూసింది అక్కడే. నా చేత్తో కలిపిన సిరాతో.

తర్వాత జరిగింది మా క్వార్టర్సువాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. పెద్ద ఆఫీసర్లు వీధి కుళాయి దగ్గర వరసగా గొంతుక్కూర్చుని, నేనిచ్చిన బొగ్గుపొడితో పళ్ళు తోముకున్నారు. పైడమ్మ వదిన చుట్ట అడ్డంగా పెట్టుకుని పక్కన నిలబడి, “ఊరికే రుద్దకండి బాబూ, అలవాటైపోద్ది,” అని ధైర్యం చెప్పింది. బొగ్గుతో నలుపు వదులుతుందా? సెక్రటరీగారు మూతి తుడుచుకుని, “పళ్ళు ఎలాగూ పోయాయి, పులుసైనా తిందాం,” అన్నారు.

తిన్నారు. గిన్నె అడుగు చెంచాతో గీకారు. ఇస్త్రీ చొక్కా మెంబరు అన్నం మళ్ళీ అడిగి, చొక్కా మీద పులుసు కూడా పోసుకున్నాడు. వెళ్ళేటప్పుడు సుభద్రగారు నా చేతిలో తాళంచెవి పెట్టారు. “వంటశాల నీది. మందు బీరువా తాళం మాత్రం నా దగ్గరే ఉంటుంది.”

“ఏ మందమ్మా?”

“రెండూ.”

ఆ సాయంత్రం తీసిన ఫోటో క్లబ్బు గోడకి చాలా ఏళ్ళు వేలాడింది. చుట్టూ రంగుకాగితాల తోరణాలు, మెడల్లో దండలు, మధ్యలో కమిటీ మాత్రం మూతులు బిగించుకుని, ఎవరో పోయిన ఇంటికి పలకరింపుకి వచ్చినట్టు కూర్చుని ఉంటుంది. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు “వీళ్ళెంత గంభీరమైన మనుషులో” అనుకునేవారు. నేను ఆ ఫోటో కిందినుంచి, కొంగున తాళంచెవి గలగలమనిపిస్తూ, నా ఉప్పు నేనే వేసుకోవడానికి వంటశాలలోకి నడిచేదాన్ని.

జుట్టు నెరిశాక నేనూ అక్షరాలు దిద్దాను. అందరూ చదువు మొదలుపెట్టి తర్వాత సిరా వెతుక్కుంటారు. నేను కూజాడు సిరా ముందు కలిపి పెట్టుకుని, తర్వాత తీరిగ్గా చదువుకొచ్చాను. నన్ను మించిన ముందుచూపు ఎవరికుందో చెప్పండి.

అయినా తప్పు తప్పే. కనుక సింహాద్రప్పన్న సాక్షిగా, ఈ కాగితం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: సీసా మీద రాసింది మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవకుండా ఇక ఎవరికీ చుక్క పొయ్యను. చదివాక కూడా, ఆ రోజు ఫోటో లేదని తెలిస్తేనే పోస్తాను.