కాగితం మలాకీ

మా క్లబ్బుకు డెబ్బై ఏళ్లు నిండుతున్నాయని చరిత్ర అచ్చు వేయిస్తున్నారు. అందులో పోయిన ఏటి ఫైనల్ గురించి ఒక వాక్యం ఉంది: 'కార్యదర్శి పొరపాటు వల్ల మన అభ్యంతరం చెల్లలేదు.' ఆ కార్యదర్శి మలాకీ టూహీ. ఆ వాక్యం అబద్ధం. అసలు సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆయన నా దగ్గర మాట తీసుకున్నాడు. ఇప్పుడు ఆ మాట తప్పుతున్నాను.

మలాకీ గుర్రపు జీనులు కుట్టే మనిషి. మా ఊరు కిల్‌మోరన్‌లోకి ట్రాక్టర్లు వచ్చి గుర్రాలు పోయాక స్కూలు సంచులూ బెల్టులూ కుట్టుకుంటున్నాడు. పెళ్లి చేసుకోలేదు. మావాళ్లు ఆడేది హర్లింగ్, కర్రతో బంతి కొట్టే జట్ల ఆట. ఆ కర్ర పట్టుకుంటే బంతి ఒక పక్కకి, ఆయన ఇంకో పక్కకి. అందుకే ఆటకి బదులు కలం ఇచ్చారు. ఇరవై ఏడేళ్లు క్లబ్బు ఉత్తరాలన్నీ ఆయనే రాశాడు.

మా ఆటలో ఒక నియమం ఉంది. మ్యాచ్ ముందు రెండు జట్లూ ఒకదానికొకటి ఇచ్చుకునే ఆటగాళ్ల జాబితా ఐరిష్‌లో ఉండాలి, ఐర్లండ్‌లో తయారైన కాగితం మీద ఉండాలి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే కాగితంలో నీటిగుర్తు కనిపించాలి. పందొమ్మిది వందల ముప్పై ఒకటిలో మావాళ్లు డ్రమ్‌రో ఊరిని ఫైనల్లో ఓడించారు. కుర్ర కార్యదర్శి మలాకీ ఆ రోజు జాబితాను కిరాణా కొట్లో దొరికిన కాగితం మీద రాశాడు. డ్రమ్‌రో వాళ్లు అభ్యంతరం పెట్టారు. కప్పు వాళ్ల ఊరు వెళ్లిపోయింది. అప్పటినుంచి ఆయన కాగితం మలాకీ. సంతలో పిల్లలు కూడా అదే పేరుతో పిలుస్తారు, ఆయన పలుకుతాడు.

పోయిన అక్టోబరులో మళ్లీ ఫైనల్, మళ్లీ డ్రమ్‌రో. ఒక్క పాయింటుతో ఓడిపోయాం. చివరి నిమిషంలో నేను కొట్టిన బంతి గోలు గుంజ పక్కనుంచి పోయింది.

కాలేజీ మధ్యలో మానేసి డబ్లిన్ నుంచి వచ్చి ఖాళీగా తిరుగుతున్నానని అంతకు రెండేళ్ల ముందే నన్ను సహాయ కార్యదర్శిని చేశారు. ఫైనల్ మర్నాడు, సోమవారం, కాగితాలు సర్దుతుంటే డ్రమ్‌రో వాళ్ల జాబితా కట్టలో అట్టడుగున దొరికింది. కిటికీ దగ్గర ఎత్తి చూశాను. నీటిగుర్తు లేదు. అడుగున ఎవరు దాచారో అప్పుడు ఆలోచించలేదు. తిన్నగా మా కెప్టెన్, మాంసం కొట్టు టర్లో బ్రెహనీ దగ్గరికి పరుగెత్తాను.

మంగళవారం మధ్యాహ్నానికి కమిటీ మొత్తం జీనుల కొట్లో ఉంది. ఒక మ్యాచ్ మీద అభ్యంతరం ఒక్కసారే పెట్టనిస్తారు. అది కార్యదర్శి సంతకంతో బుధవారం పన్నెండు గంటల టపాలో పడాలి. ఇరవై ఆరేళ్లకి దేవుడు బాకీ తీర్చాడని ఒకరు, ఆయన పేరు మీది మచ్చ పోతుందని ఒకరు. మలాకీ మైనం పూసిన దారం లాగుతూ తల ఎత్తలేదు.

"నువ్వు పెట్టనంటే చెప్పు పెద్దాయనా," అన్నాడు టర్లో. "సాయంత్రానికి ఇంకో కార్యదర్శిని ఎన్నుకుంటాం. నీకేం బాధ ఉండదు."

మలాకీ దారం కొరికి తెంపాడు. "రాస్తాను," అన్నాడు. "ఇంతకాలం రాసినవాణ్ణి, ఇదొక్కటీ రాయలేనా."

బుధవారం పదకొండున్నరకి రిజిస్టరు చేయించాలని ఉత్తరం కోసం జీనుల కొట్టుకి వెళ్లాను. బల్ల మీద సిద్ధంగా ఉంది, కవరు ఇంకా అంటించలేదు. ఐరిష్ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. చదువుదామని తలుపు దగ్గరికి తెచ్చాను. వెనకనుంచి ఎండ పడింది. కాగితంలో ఏమీ లేదు.

మళ్లీ చూశాను. తిప్పి చూశాను. బల్ల కింద సొరుగు లాగితే నీటిగుర్తున్న కాగితం దస్తా అలాగే ఉంది, పై అట్ట కూడా చింపలేదు. సొరుగు పక్కన మాత్రం ఇంగ్లండు కాగితాల పుస్తకం ఒకటి, కొత్తది, ఒక్క పేజీ చింపి ఉంది.

"అభ్యంతరం కూడా మన కాగితం మీదే ఉండాలి," అన్నాను. "ఇది వాళ్లు చూడకుండానే అవతల పారేస్తారు."

"పారేస్తారు."

"మీరు కావాలనే రాశారు."

"తలుపు వెయ్యరా కోల్మన్."

వేశాను. గడియారం పన్నెండుకు పాతిక నిమిషాలు తక్కువ చూపిస్తోంది. మంచి కాగితం మీద తిరగ రాయడానికి పది నిమిషాలు చాలు. ఆ ఐరిష్ నాకూ వచ్చు. సంతకం ఒక్కటే కావాలి. కప్పు మాదవుతుంది. నేను గుంజ పక్కనుంచి పోగొట్టిన పాయింటు ఎవరికీ గుర్తుండదు. అదంతా ఆయన మొహం మీదే అనేశాను.

"వద్దంటే వద్దని చెప్పాల్సింది కమిటీకి," అన్నాను. "ఈ దొంగ పని ఎందుకు?"

"వద్దంటే నన్ను తీసేసి ఇంకొకడి చేత పెట్టిస్తారు. నా చేత్తో పెట్టి నేనే చెడగొడితే, ఇక రెండోది పెట్టనివ్వరు." ఆయన సూది చొక్కాకి గుచ్చుకున్నాడు. "ముప్పై ఒకటిలో ఆ కప్పు కాగితంతో గెలిచిన డ్రమ్‌రో కెప్టెన్ తరవాత ఇక్కడికే వచ్చేవాడు, గుర్రానికి కళ్లెం కోసం. పదకొండేళ్లు వచ్చాడు. ఒక్కసారి కూడా నా కళ్లలోకి చూడలేదురా. పాపం, మంచి ఆటగాడు. మీరంతా అలా అయిపోవడం నాకిష్టం లేదు."

"మరి మీరు? ఊరు మిమ్మల్ని ఏమంటుంది?"

"ఏమంటుంది? మళ్లీ అదే తప్పు చేశాడంటుంది. నేనైతే ఎవరూ అనుమానించరు. ఇంకెవరి వల్లా కాదు ఈ పని."

నవ్వుతున్నాడేమో అనుకున్నాను. లేదు. సంతకం ఫోర్జరీ చేయగలనని కూడా నాకు అనిపించింది, ఎందుకు దాచాలి. ఆయన అక్షరాలు రెండేళ్లుగా చూస్తున్నాను.

"ఇక నీ ఇష్టం," అన్నాడు. "నేను ఆపను. కానీ ఈ సంగతి ఎవరితోనూ అనకు. మాటివ్వు."

ఇచ్చాను. కవరు నేనే అంటించాను. పోస్టాఫీసు కిటికీ దగ్గర ఇద్దరు ముసలమ్మలు పింఛను కోసం నిలబడ్డారు. వాళ్ల వెనక నిలబడి ఆ కవరును కోటు జేబులోంచి రెండుసార్లు బయటికి తీశాను, రెండుసార్లు లోపల పెట్టాను. పన్నెండుకు నాలుగు నిమిషాలుందనగా గుమస్తా చెయ్యి చాపాడు. ఇచ్చేశాను.

ఆదివారం మా జిల్లాలో ఆట నడిపే కౌంటీ బోర్డు సమావేశంలో అధ్యక్షుడు ఉత్తరాన్ని కిటికీకేసి ఎత్తి పట్టుకున్నాడు. ఎత్తి, పక్కవాడికిచ్చాడు. పక్కవాడు ముందు నవ్వాడు. తరవాత గది మొత్తం నవ్వింది. అభ్యంతరం చెల్లదన్నారు. టర్లో మాత్రం నవ్వలేదు. బయటికొచ్చి, నలుగురిలోనూ మలాకీ టోపీ తీసి రోడ్డు మీద పడేశాడు. ఆయన వంగి దాన్ని తీసుకుని దుమ్ము దులుపుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

డిసెంబరు సర్వసభ్య సమావేశంలో ఆయన్ని తీసేయాలని తీర్మానం పెట్టారు. ముప్పై నాలుగు చేతులు లేచాయి. వద్దని ఒక్క చెయ్యి లేచింది, అది నాది. టూహీ మీద నీకెందుకంత ప్రేమ అని ఎవరో ఎగతాళి చేశారు. మలాకీ వెనక బెంచీ మీంచి నా వైపు చూసి, దించమన్నట్టు సైగ చేశాడు. దించలేదు.