కారని కుళాయి

మా వదినని టీవీలో "నిశ్శబ్ద యోధురాలు" అన్నారు. నిశ్శబ్దమట! ఆవిడ నోరు విప్పిందంటే వీధి మొదట్లో పడుకున్న కుక్కలు లేచి పక్కకి తప్పుకుంటాయి. అందుకే అసలు సంగతి నేను చెబుతున్నాను. చెప్పే అర్హత నాకుందా లేదా అన్నది చివరిదాకా విని మీరే తేల్చండి.

వదినంటే నా భార్యకి అక్క. ప్రింటింగ్ ప్రెస్సులో బైండింగ్ పని చేస్తుంది. పుస్తకాలు కుట్టీ కుట్టీ వేళ్ళు కాయలు కాచాయి. ఆవిడ ఇల్లు వీధి మధ్యలో, మాది వీధి చివర మిట్ట మీద. ఆ మిట్ట మీద మొత్తం ఆరిళ్ళున్నాయి. మా వీధికి పొద్దున్న ఆరింటి నుంచి ఏడింటి దాకా నీళ్ళొదులుతారు. కింద ఉన్న నాలుగు వీధి కుళాయిల్లో ఏ ఒక్కటి కారినా నీళ్ళు మిట్ట ఎక్కవు. అప్పుడు నేను నిన్నటి నీళ్ళతో సగం మొహం కడుక్కుని వెళ్ళి నా జెరాక్స్ కొట్టు తెరవాల్సిందే.

తొమ్మిదేళ్ళ కిందట ఒకరోజు మా ఆవిడ ఖాళీ బిందె పట్టుకుని అక్క దగ్గర ఏడ్చింది. అంతే! వదిన పాత చెప్పులు పోగేసింది. ప్రెస్సులో చిల్లులు కొట్టే పంచిలు రెండు తెచ్చి, ఆ చెప్పుల అడుగుల్లోంచి పెద్ద పంచితో ఒక దెబ్బ, చిన్నదాంతో ఒక దెబ్బ కొట్టి వాషర్లు తీయడం మొదలుపెట్టింది. ఆదివారం వస్తే చాలు, సంచిలో పానా వేసుకుని వీధంతా తిరిగేది. "మీ పంపు కారుతోందట" అంటూ పిలవకపోయినా ఇళ్ళల్లోకి దూరిపోయేది. వాషర్ల వదిన అన్న పేరు పెట్టింది నేనే.

"వదినా, వచ్చే జన్మలో మీరు పానా అయి పుడతారు" అనేవాణ్ణి.

"నువ్వు కారే పంపువై పుడతావు. ముందు ఆ నోరు బిగించుకో" అనేది.

ఇలా ఉండగా నీళ్ళ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మిట్ట మీది ఇళ్ళకి నీళ్ళ ఒత్తిడి చాలడం లేదనీ, ఫలానా రోజు పొద్దున్న వచ్చి కొలుస్తామనీ, మీటరు ముల్లు ఎర్రగీత దాటకపోతే ఆ పైపు మూసేసి రెండ్రోజులకోసారి ట్యాంకరు పంపుతామనీ దాని సారాంశం. వదిన ఆ నెలంతా నిద్రాహారాలు మానేసిందనే చెప్పాలి. నాలుగు కుళాయిలకీ కొత్త వాషర్లు వేసింది. వీధి మొదట్లో రోజూ పైపు పెట్టి కారు కడిగే మేడింటాయన గుమ్మంలో నిలబడి, "ఆ ఒక్క పూట మీ కారుకి స్నానం మాన్పించండి, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలింది. ఆయన సరేనన్నాడు.

సరిగ్గా ఆ కొలతకి ముందురోజే టీవీవాళ్ళు ఊడిపడ్డారు. పర్యావరణాన్ని కాపాడుతున్న మామూలు మనుషుల మీద కార్యక్రమమట. ప్రెస్సుకి కరపత్రాల పని మీద వచ్చిన వాళ్ళెవరో వదిన గురించి చెప్పారట. ఐదుగురు మనుషులు, ఎనిమిది పెట్టెలు. వాళ్ళకి పెద్ద ఒక దర్శకురాలు. మాట మెత్తన, పట్టు ఉడుంపట్టు.

"ప్రకృతి మీద మీకింత ప్రేమ ఎలా కలిగిందమ్మా?" అని అడిగింది.

"మా చెల్లెలి బిందె నిండట్లేదండీ" అంది వదిన.

"అది కాదమ్మా. భూమి తల్లి పడే బాధ చూసి..."

"భూమి సంగతి నాకు తెలీదు. చివరింట్లో మా చెల్లెలుంది."

"పోనీ, ఆ మాట చెప్పేటప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగితే బావుంటుంది."

"తిరగాల్సింది గొట్టంలో కదండీ!"

దర్శకురాలు కెమెరా ఆపించింది. తరువాత కారే కుళాయి కోసం వీధంతా గాలించారు. ఒక్కటీ కారడం లేదు. తొమ్మిదేళ్ళ వదిన పని ఫలితం అదే మరి, చూపించడానికి ఏమీ ఉండదు! దొంగలే లేని ఊళ్ళో పోలీసు మీద సినిమా తీయమన్నట్టయింది వాళ్ళ పని. "ఒక్కటి విప్పండమ్మా, రెండు నిమిషాలు తీసుకుంటాం" అన్నారు. వదిన ససేమిరా అంది. "రేపు ఏడింటి దాకా ఏ కుళాయి జోలికీ రాకండి. తరువాత మీ ఇష్టం" అని పానా సంచిలో పడేసుకుని వెళ్ళిపోయింది.

ఏడింటికి నీళ్ళే ఆగిపోతాయి. పైగా వాళ్ళకి ఆరింటి వెలుతురే కావాలట. దర్శకురాలు నా కొట్టుకి వచ్చి కూర్చుంది.

"మీరు తలుచుకుంటే అయిపోతుందండీ" అంది.

"నేనూ టీవీలో కనపడతానా?" అన్నాను.

"మీరు లేకుండా ఎలాగండీ!"

ఇంకేం కావాలి? మర్నాడు ఆరింటికి ముందే వీధి మొదట్లో కుళాయి తల విప్పి, వాషరు తీసేసి మళ్ళీ బిగించాను. ఆ పని కూడా వాళ్ళు కెమెరాతో తీశారు. ఆరయ్యేసరికి నీళ్ళు చిమ్మాయి. మొదటిసారి కుక్క అడ్డొచ్చింది. రెండోసారి మబ్బు పట్టింది. మూడోసారి, "అంత సంతోషంగా చూడకండి" అని నన్నే కోప్పడ్డారు. అలా ఆరుసార్లు తీశారు. మిట్ట మీద కొలత జరుగుతోందని నాకు గుర్తు లేదా? ఉంది. రెండు నిమిషాలే కదా అనుకున్నాను. కూర్చున్న కొమ్మ నరుక్కునేవాడు కూడా ఇలాగే అనుకుంటాడు కాబోలు.

అక్కడ మా ఇంటి ముందు కొలతలాయన మీటరు బిగించి కూర్చున్నాడు. ముల్లు కాస్త కదిలి ఆగిపోయిందట. వదినకి అర్థమైపోయింది. ఎక్కడో నీళ్ళు పోతున్నాయని మిట్ట మీంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. వయసు యాభై ఎనిమిది.

"ఏమైంది మరిదీ?"

"వాషరు జారిపోయింది వదినా. కాలవలో కొట్టుకుపోయింది" అన్నాను. వాషరు నా గుప్పిట్లోనే ఉంది.

"మొన్ననే వేశానే!" అంటూ ఆ చిమ్ముతున్న నీళ్ళల్లోనే కూలబడింది. సంచిలోంచి కొత్త వాషరు తీసి వేసింది. దర్శకురాలు చప్పట్లు కొట్టి, "అద్భుతం! మళ్ళీ ఒక్కసారి అలాగే పరుగెత్తుకుంటూ వస్తారా?" అంది. వదిన ఇచ్చిన జవాబు అచ్చు వేయడానికి పనికిరాదు. నీళ్ళింకా మిట్ట ఎక్కకముందే కొలతలాయన మీటరు విప్పేసి సంచిలో పెట్టుకుంటున్నాడు. వదిన మళ్ళీ పైకి ఎగశ్వాసతో పరుగెత్తి, "ఒక్క పది నిమిషాలు ఆగు బాబూ, ఇప్పుడొస్తాయి" అని చేతులు పట్టుకుంది. "నాకింకా మూడు వీధులున్నాయమ్మా" అని ఆయన సైకిలెక్కాడు.

వారం తిరక్కుండా పైపు మూసేశారు. వదిన ఆరిళ్ళకీ వెళ్ళి, "నా వాషరే జారింది, నా చేతి తప్పే, క్షమించండి" అని చెప్పుకుంది. మా ఇంటికీ వచ్చింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే నేను అదే గదిలో పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. చెప్పొచ్చు. పేజీ తిప్పాను. ఆ తరువాత వదిన ఆదివారాలు బయటికి రావడం మానేసింది. "నా చేతి మీద నాకే నమ్మకం పోయిందే" అందట చెల్లెలితో.

రెండు నెలలకి కార్యక్రమం వచ్చింది. మిట్ట మీది జనమంతా మా ఇంట్లోనే చేరారు. వదినని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆవిడ పరుగు ఎంతో నెమ్మదిగా, వెనక వేణువుతో వచ్చింది. దానికి ముందు మాత్రం ఒక చెయ్యి కనపడింది. ఆ చెయ్యి పానాతో కుళాయి విప్పి వాషరు తీసింది. ఆపైన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న నా మొహం! "ఇలాంటి బాధ్యత లేని మనుషుల మధ్య..." అంది టీవీలో గొంతు. ఆ కార్యక్రమం మొత్తంలో నిజమంటూ ఉన్నది ఆ ఒక్క ముక్కే.

అందరూ నావైపే చూస్తున్నారు. వదిన తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. చెంప మీద కొట్టినా బావుండును. ఆవిడ నావైపు చూడనైనా లేదు. పక్కనున్న చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చూశావటే? నా వాషరు జారలేదు" అంది.