కణాల ఉపవాసం, మా అమ్మ సాక్ష్యం

ఈస్టరుకు ముందు వచ్చే ఈ శ్రమదినాల్లో నేను తల్లాడలో మా తమ్ముడి ఇంట్లో ఉన్నాను. మొన్న ఉదయం మా మరదలు ఉపవాసం ఉండి వంటింట్లో మాకోసం ఉప్మా కలుపుతుండగా పక్కనున్న ఫోను టింగుమంది. అది చూసి ఆమె మొహం వెలిగిపోయింది. "వదినా, నాకు ఆటోఫజీ షురూ అయింది" అంది. ఉపవాసం మొదలుపెట్టిన వేళ చెబితే చాలునట, ఒంట్లో కణాలు ఎప్పుడు శుభ్రపడతాయో ఆ ఫోనే లెక్క కట్టి చెబుతుందట! నాకు నవ్వూ వచ్చింది, చిర్రూ ఎత్తుకొచ్చింది. ఆమె రక్తపు చుక్కనైనా చూడని ఆ ఫోనుకు ఆమె కణాల గుట్టు ఎట్లా తెలిసిందో ఆ దేవుడికే ఎరుక. మనుషుల్లో కాదు సుమా, గాజు పళ్ళెంలో పెంచిన కాసిని కణాల్లో ఆ సంగతి తేల్చుకోవడానికే నేను సంసారాన్ని ఖమ్మంలో వదిలిపెట్టి హైదరాబాదులో ఏళ్ళు గడిపాను. ఆకలితో ఉన్న మనిషితో వాదన ఎందుకని ఊరుకున్నాను.

అప్పట్లో నేను ఖమ్మంలో ఒక జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని. ముప్పై దాటాక, చంటివాణ్ణి అత్తగారికి అప్పగించి పీహెచ్‌డీకి వెళతానంటే ఇంటిల్లిపాదీ మొహాలు మాడ్చుకున్నారు గాని, మా అమ్మ ఒక్కతే వెళ్ళమంది. వెళ్ళమని ఊరుకుందా? తల్లాడ చర్చిలో ఆదివారం లేచి నిలబడి, నా బిడ్డ డాక్టరు చదువుకు పోయింది, అది పూర్తయిన వారం ఇక్కడే సాక్ష్యం చెబుతానని సంఘమంతటి ముందు మాట ఇచ్చేసింది. మా సంఘాల్లో సాక్ష్యమంటే తమకు జరిగిన మేలును నలుగురి ముందు చెప్పి దేవునికి స్తోత్రం అనడం. ఉద్యోగం వచ్చినా చెబుతారు, జ్వరం తగ్గినా చెబుతారు, గేదె సుఖంగా ఈనినా చెబుతారు, విన్నవాళ్ళంతా ఆమెన్ అంటారు. ఆ రోజు కోసమని అమ్మ ఒక నేత చీర కూడా కొని పెట్టెలో దాచుకుంది.

మా పని చెప్పాలంటే ఇంతే. కణానికి తిండి ఆపేస్తే అది తనలోని పాడైన సామానును చిన్న చిన్న సంచుల్లో మూటగట్టి, కరిగించుకుని, దాంతోనే బతుకుతుంది. మా మరదలి ఫోను చెప్పిన ఆటోఫజీ ఇదే. ఆ సంచులకు అంటుకునే ఒక ప్రొటీను ఉంది. కణాలను కరిగించి, ఆ ప్రొటీనును విడదీసి, ఎర్ర దీపం వెలిగే చీకటి గదిలో ఫిల్ము కడిగితే నల్లటి గీతగా తేలుతుంది. గీత ఎంత లావుగా ఉంటే సంచులు అంత ఎక్కువన్నమాట. ఆ ఫిల్ము మందులో తేలుతూ మెల్లగా నల్లబడుతుంటే ఊపిరి బిగబట్టి చూసిన రోజులు మన వయసు వాళ్ళలో ఆ పని చేసినవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. చర్ల అడవిలో దొరికే ఒక చెట్టు బెరడు రసం పోసిన కణాల్లో ఆ గీత నా వేలంత లావున తేలింది. మా నాన్న బడిపంతులుగా చర్ల వైపు పనిచేసినప్పుడు నేను ఆడుకున్న అడవి అది. ఆ అడవి చెట్టు కణాలను శుభ్రం చేస్తోందంటే నాకు ఎంత గర్వమో చెప్పలేను. వ్యాసం టైపు చేయడం కూడా అయిపోయింది, కాలేజీ ఇచ్చిన సెలవు కూడా అయిపోవస్తోంది.

అప్పుడు మా గైడు మేడమ్ ఇంకొక్క పరీక్ష మిగిలిందన్నారు. సంచులు ఎక్కువ కనబడితే ఎక్కువ తయారవుతున్నాయని అర్థమా, లేక కరగడం ఆగిపోయి పోగుపడుతున్నాయా? కరిగే దారిని మనమే మూసేసి చూడాలి. బెరడు రసం నిజంగా కొత్త సంచులు కట్టిస్తుంటే, దారి మూసిన కణాల్లో రసం పోసినచోట గీత, పోయనిచోటికన్నా లావెక్కాలి. మూసేందుకు వాడేది ఏమిటో తెలుసా? క్లోరోక్విన్! చర్లలో చలిజ్వరం వచ్చినప్పుడల్లా ఆరోగ్య కార్యకర్త ఎదుట నిలబడి మింగించిన ఆ చేదు బిళ్ళే. దాన్ని తూకం వేస్తుంటే, నాలుకకు తగలకపోయినా, నా నోరంతా చేదెక్కిపోయింది. మేడమ్ మీద మాత్రం ఒళ్ళు మండిపోయింది. చాలామంది ఆ పరీక్ష చేయకుండానే అచ్చు వేసుకుంటున్న రోజులవి.

చేశాను. ఫిల్ము తేలింది. క్లోరోక్విన్ ఒక్కటే పోసిన చోటా, దానికి బెరడు రసం కలిపి పోసిన చోటా గీతలు సరిసమానం. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. మా చెట్టు కణాలను శుభ్రం చేయడం లేదు, చెత్తను లోపలే పోగుపెడుతోంది. మేడమ్ టైపు చేసిన కాగితాలను బల్ల సొరుగులో పెట్టేసి, ఇది కూడా ఫలితమే, అయితే దీన్ని నిలబెట్టాలంటే ఇంకో రెండేళ్ళు కావాలన్నారు. కాలేజీ వాళ్ళు సెలవు ఇంకొక్క నెల కూడా పొడిగించలేమన్నారు. డిగ్రీ లేకుండానే బస్సెక్కాను. తరువాత వచ్చిన అమ్మాయి ఆ సంగతి మీదే పనిచేసి డాక్టరేటు తెచ్చుకుంది. నాకు అసూయ కలగలేదని అబద్ధం చెప్పను.

తల్లాడలో దిగి, అమ్మ పక్కన కూర్చుని, ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పాను. అశ్వారావుపేట పామాయిలు ఫ్యాక్టరీ గేటు ముందు గెలల ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడి ఉంటే, ఈసారి కాపు బాగుందని మురిసిపోయామమ్మా అన్నాను.

"అంటే లోపల మిషన్ కరాబై లైను పెరిగిందా ఏంది బిడ్డా?"

"అవ్ అమ్మా."

చర్చిలో ఆమె ఇచ్చిన మాట నాకు గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు. ఆ ఆదివారం నేను రానంటే రానని మొండికేసినా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఆ నేత చీరే కట్టుకుంది. సాక్ష్యాల వేళ లేచి నిలబడింది.

"నా బిడ్డకు డాక్టరు సదువు రాలే. ఆమె అనుకున్నది తప్పని ఆమె చేతులతోనే తేలింది. అది అచ్చులో పడకముందే దేవుడు ఆపిండు. పడితే, మంచి మందని ఎవలో ఒకలు మింగేటోళ్ళు. గందుకే దేవునికి స్తోత్రం."

సంఘమంతా పాస్టరుగారి వైపు తిరిగింది. ఆయన పాటల పుస్తకం తెరిచి మళ్ళీ మూశారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలి గొంతు ఆమెన్ అంది, తరువాత ఒక్కొక్కరుగా అందరూ అన్నారు. సిగ్గుతో తల వంచుకున్న నేను తప్ప.

ఇప్పుడు చీకటి గదులు పోయాయి, ఫిల్ములు పోయాయి, గీతలను కంప్యూటరే కొలిచిపెడుతుంది. అది మంచిదే, కళ్ళు నిలుస్తాయి. అప్పుడప్పుడు సదస్సులకు పిలిస్తే వెళ్ళి వెనక వరుసలో కూర్చుంటాను. అందరి మందులూ పనిచేస్తాయి, అందరి గీతలూ లావే. ఆదివారం చర్చిలోనూ అంతే, ఇల్లు కట్టినవాళ్ళూ, వీసా వచ్చినవాళ్ళూ లేస్తారు. అనుకున్నది తప్పని తేలిందని, అందుకు స్తోత్రమని లేచి చెప్పే మనిషి కోసం నా కళ్ళు వెతుకుతుంటాయి. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు ఆమె వెనక నేను అనకుండా మింగేసిన ఆమెన్ ఇప్పుడు అనాలని ఉంది, ఎవరికని అనను?