గంజి పట్టని సూటు

శ్రీరస్తు. వాగ్దేవతకు నమస్కరించి, జ్యేష్ఠ శుద్ధ విదియ, శనివారం ఉదయం, జగ్గయ్యపేటలో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

దయ్యాలనూ మహిమలనూ నేనేనాడూ నమ్మినవాణ్ణి కాను. ముప్పైయేళ్ళు తెలుగు పండితుడిగా కావ్యపాఠం చెప్పాను. వాటిలోని అద్భుతాలన్నీ కవికల్పనలనే చెప్పాను. ఇప్పుడు ఎవరితోనూ వాదించే ఓపిక లేదు. జరిగినది జరిగినట్లు చెబుతాను.

నా మేనల్లుడు శేషు మా ఇంట్లోనే ఉంటాడు. ఒక సిమెంటు కర్మాగారంలో కొలిమి దగ్గర పని. అక్కడ మంట సోకినా అంటుకోని నీలం సూటు తొడుక్కోవాలి. మెడనుంచి చీలమండల దాకా ఒకటే వస్త్రం. పాతది అక్కడే ఉతికించుకునేవాడు. కొత్తది ఇవ్వగానే ఇంటికి తెచ్చాడు.

నా భార్య పోయిన తరువాత ఉతుకు నా వంతయింది. నడుము సహకరించదు. అయినా గంజి పెట్టని బట్ట కట్టడం మా ఇంటి పద్ధతి కాదు. వైశాఖ శుద్ధ ద్వాదశి, ఆదివారం ఉదయం ఆ సూటును చిక్కని గంజిలో ముంచి దండెం మీద ఆరవేశాను.

మధ్యాహ్నానికి పక్కనున్న నా పంచె అప్పడంలా బిగిసింది. సూటు మాత్రం కారుతూనే ఉంది. తాకితే జిగురు లేదు. కారేది తేటనీరు.

మళ్ళీ గంజిలో ముంచి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కునుకు పట్టలేదనను. కాని ఇస్త్రీ బండి మస్తాను కూడా వచ్చి చూశాడు.

"ఇదేంటి మేస్టారూ, ఇంత ఎండలో ఇది స్నానం చేస్తోందా? ఆ గంజేదో నాకు పోస్తే తాగేవాణ్ణి గదండీ!" అని నవ్వాడు. పట్టుకుని పిండాడు. నవ్వు ఆగిపోయింది.

"ఎంత పిండినా తగ్గట్లేదండీ. వదిలెయ్యండి, నాకెందుకో బాలేదు."

సోమవారం తెల్లవారినా అది తడిగానే ఉంది.

"ఏంటి మావయ్యా, ఒక్క సూటు ఆరెయ్యలేవా? డ్యూటీకి ఏమేసుకోను?" అని శేషు విసుక్కున్నాడు. చివరకు కర్మాగారంలో ఉన్న మాసిన పాత సూటే తొడుక్కుంటానని పోయాడు.

ఆ పూటే కొలిమి తలుపు తీస్తుండగా మంట ఎగదన్ని వాడి ఛాతీ మీదుగా పోయింది. పాత సూటు నల్లబడిందే గాని అంటుకోలేదు. ముంజేయి బొబ్బలెక్కింది.

నందిగామ ఆసుపత్రిలో వాడి పై అధికారి నాతో మామూలుగానే అన్నాడు: "ఈ బట్టకి గంజి పెట్టకూడదండీ. బట్ట అంటుకోకపోయినా గంజి అంటుకుంటుంది. కాలరు లోపల రాసుంటుంది చూడండి."

ఇంటికి వచ్చి చూశాను. వ్రాసి ఉంది. టీకాతాత్పర్యాలతో కళ్ళు పోగొట్టుకున్నవాణ్ణి, ఆ రెండు పంక్తులు చదవలేదు. సూటు ఆరి ఉంటే నా చేతులతో నేనే వాడికి తొడిగి పంపేవాణ్ణి.

గాలిలో తేమ, నేత గుణం, నా చూపు మందగింపు, అన్నిటినీ తర్కించి చూశాను. ఏదీ సరిపోలేదు. నేటికీ కారణం తెలియదు.

వైశాఖ బహుళ ద్వాదశి, సోమవారం శేషు తిరిగి డ్యూటీలో చేరాడు. సూట్లు ఇంటికి తీసుకురావడం మానేశాడు.